కొసరు లేని తూకం

పోయిన వారం మనం ధర్మలింగం మాస్టారిని వదిలిపెట్టేసరికి ఆయన ముందు వంద కొలతల పట్టిక ఒకటి ఉంది. చేతిలో ఎర్ర పెన్సిలుంది. ఆ పెన్సిలు అరవయ్యో కొలత దగ్గర ఆగిపోయి ఉంది.

ఎందుకాగిందో తెలియాలంటే వెనక సంగతి కొంచెం చెప్పాలి. బరంపురం హైస్కూల్లో ముప్పై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మాస్టారికి బాబూరావు ఒక్కడే కొడుకు. వాడూ, గేట్ బజారులో బంగారం కొట్టు వారి అబ్బాయి శ్యామసుందరూ మద్రాసులో కలిసి ఫిజిక్సు ఎమ్మే చదివారు. కలిసే తిరిగి వచ్చారు. కాలేజీ లేబరేటరీలో ఒక మూల అడిగి పుచ్చుకుని, గంజాం ఉప్పుమళ్ల నీటి సాంద్రత మీద ప్రయోగం మొదలుపెట్టారు. ఆ పని చూపించి కలకత్తాలో డాక్టరేటుకు చేరాలని ఇద్దరి ఆశ. కిందటి ఆషాఢంలో బాబూరావుకి కలరా తగిలింది. తెల్లవారి మంచం పట్టినవాడు పొద్దుగూకేసరికి లేడు.

పెరట్లో నూతి మీద ఆ రోజునుంచీ చెక్క పలకలు పరిచి ఉన్నాయి. ఆ నీళ్లే పిల్లాణ్ణి పట్టుకుపోయాయని మాస్టారి భార్య పద్మావతి నమ్మకం. తన చేత్తో తోడి, తన చేత్తో ఇచ్చిన నీళ్లు. మనమిద్దరం కూడా తాగాం కదా అని మాస్టారు ఒకసారి అన్నారు. ఆవిడ మొహం చూశాక రెండోసారి అనలేదు. పది రోజులు పోయాక ఆవిడ పొలసరలో అన్నగారింటికి వెళ్లిపోయింది. మాస్టారు పక్కింటి నూతినుంచి నీళ్లు తెచ్చుకుని, తనే వండుకుంటున్నారు. వండుకోని రోజులూ ఉన్నాయి.

శ్యామసుందర్ ఒంటరిగా ఆ ప్రయోగం సాగించాడు. కలకత్తా ప్రొఫెసరుగారు సీటిస్తానన్నారు కాని రెండు షరతులు పెట్టారు. గణితంలో పరీక్ష రాయాలి. వంద కొలతల పట్టిక, అందులో పొరపాటు ఏ మేరకు ఉండవచ్చో లెక్కగట్టి తీసుకురావాలి. శ్యామసుందర్‌కి గణితమంటే బెరుకు. అందుకే కార్తీకంనుంచీ సాయంత్రాలు మాస్టారింటికి వస్తున్నాడు. మంగళవారం అతను కలకత్తా మెయిలెక్కాలి. ఇవాళ ఆదివారం.

*

మధ్యాహ్నం మూడు గంటలకు శ్యామసుందర్ వచ్చేసరికి మాస్టారు వసారాలో బల్ల ముందు కూర్చుని ఉన్నారు. భోజనం చేసినట్టు లేదు. మొహంలో నిద్రా లేదు, మెలకువా లేదు.

“ఏటండి మాస్టారూ, ఒంట్లో బాగోలేదేటి?” అన్నాడు. మద్రాసులో రెండేళ్లున్నా అతని నోట్లోంచి గంజాం పోలేదు.

“బాగానే ఉంది. కూర్చో.” మాస్టారు ఒక కాగితం అతని వైపు తిప్పారు. “చదువు. అంకెలొద్దు. గుర్తులు మాత్రం చదువు.”

చీమతలకాయంత సన్నటి అక్షరాలతో వరసగా రాసి ఉన్నాయి. కొలతలన్నీ ఒకే వస్తువువి. ఒకే ఉప్పునీటిలో, ఒకే వేడి దగ్గర, పట్టుదారానికి కట్టి ముంచిన ఒకే గాజుగుండు బరువు. నిజమైన బరువుకంటే ఎక్కువ వస్తే ప్లస్సు, తక్కువ వస్తే మైనస్సు.

“ప్లస్సు. ప్లస్సు. ప్లస్సు. ప్లస్సు. మైనస్సు. ప్లస్సు…” శ్యామసుందర్ గొంతు మెల్లగా తగ్గిపోయింది. చివరికి వేలితో లెక్కపెట్టుకున్నాడు. “అరవైలో యాభై ఏడు ప్లస్సులండి.”

“రూపాయి బిళ్ల అరవైసార్లు ఎగరేస్తే యాభై ఏడుసార్లు బొమ్మే పడితే ఏటంటావు?”

“బిళ్లలోనే ఏదో ఉందంటానండి.”

“అంతే కదా. చెయ్యి వణికితే ఇటూ వణుకుతుంది, అటూ వణుకుతుంది. సగం ఇటు, సగం అటు. నీ తర్వాతి నలభై చూడు, అలాగే ఉన్నాయి. ఇరవై ఒకటి, పంతొమ్మిది. ఈ అరవైలో ఉన్నది వణుకు కాదు, మొగ్గు. సగటున మూడు మిల్లీగ్రాములు, ఒకే వైపు.”

శ్యామసుందర్ కాగితం దగ్గరికి జరుపుకున్నాడు.

“ఆ నలభై నువ్వు తీసినవి.”

“ఔనండి. మీరు సెప్పేకే కదండి. ముల్లు ఆగీదాకా సూడొద్దు, ఊగుతుండగానే ఇటు మూడు, అటు రెండు కొసలు సదివి సగటు తియ్యి అన్నారు. అలాగే తీసేను.”

“మరి ఈ అరవై?”

శ్యామసుందర్ పెరట్లో పలకలకేసి చూశాడు. “బాబే కదండీ. ఆషాఢం మొదటి పది రోజులు. రోజుకి ఆరేసి. నాను కొట్టు సూసుకోవాలని రాలేదు. పుస్తకంలో రాసే ఉంది.”

పుస్తకంలో రాసి ఉంది నిజమే. కాని అది శ్యామసుందర్ తిరగరాసిన సాపు పుస్తకం. చిత్తు కాగితాలు బాబు బట్టలతో పాటు తగలబెట్టేశారని అతను ఎప్పుడో చెప్పాడు.

“ప్రొఫెసరు ఈ పట్టిక ఒక్కసారి చూస్తే చాలు,” అన్నారు మాస్టారు. “నాకు మూడు రోజులు పట్టింది. ఆయనకు మూడు నిమిషాలు పట్టదు. ఈ అరవై కొట్టేద్దాం.”

“వొద్దండి.”

“నలభైతో పో. తక్కువయితే తక్కువయ్యాయి. ఉన్నవి నిజమైనవి.”

“వొద్దు మాస్టారూ. తీసీకండి.” శ్యామసుందర్ పట్టిక మీద అరచెయ్యి ఆనించాడు. “నలభై సాలవని ఆయన ఎనక్కి పంపించేస్తే పంపించెయ్యనీండి, నాకదీ కాదు. ఇక్కడ సూడండి. పైన ఏటి రాసేను? ‘కొలతలు: బాబూరావు, శ్యామసుందర్.’ అరవై కొట్టేస్తే ఆడు కొలిసింది ఒక్కటైనా ఉంటాదా? ఉండదు. ఒక్క కొలతా లేనోడి పేరు పైన ఎలా పెట్టగలను?”

మాస్టారు ఆ పేరు కేసి చూడలేదు. చూడక్కర్లేదు. నాలుగు నెలలుగా సాయంత్రంపూట ఇంకొకరి కొడుక్కి ఓపిగ్గా లెక్కలు చెబుతున్నది ఎందుకో ఆయన ఎవరితోనూ అనలేదు. తనతో తాను కూడా అనుకోలేదు. ఆ కాగితం కలకత్తా వెళుతుంది. ఎవరో ఒక పెద్దాయన దాన్ని బల్ల మీద పరుచుకుని చదువుతాడు. చదివేటప్పుడు ఆ పేరు ఒకసారి కంటపడుతుంది. అంతే. అంతకంటే ఏమీ కాదు.

“నా కొడుకు తప్పును నా చేత్తో అలంకరించి పంపమంటావా?” అన్నారు చివరికి.

“తప్పనకండి.”

“మరేటనమంటావు?”

శ్యామసుందర్ అరచెయ్యి పట్టిక మీదే ఉంచాడు.

మాస్టారు కళ్లజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకున్నారు. అరిగిపోయిన మనిషి మాట్లాడినట్టు, ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నారు. “ఒక దారుంది. మొగ్గు ఎంతో తెలుసు. ఎందుకు మొగ్గిందో కూడా తెలిస్తే, దాన్ని తీసేసి మిగతాది ఉంచుకోవచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది. కారణం చెప్పలేకుండా అంకెలు దిద్దితే మాత్రం అది దొంగలెక్క.”

“కారణం ఎలా తెలుస్తాదండి ఇప్పుడు?”

“తెలుస్తుంది. వాడు మా అమ్మ బియ్యం కొట్లో పెరిగాడు. పదేళ్లొచ్చేదాకా సెలవులన్నీ ఆ తక్కెడ ముందే. మా వాళ్ల తూకం ఎరుగుదువు కదా, కొసరు లేకుండా కదలదు. అద్దాల పెట్టెలో త్రాసు ముందు కూర్చున్నా ఆ చెయ్యి మారి ఉండదు. ముల్లు నడిమికొచ్చినా కొంచెం కొసరు వేసి ఉంటాడు.” ఆ మాట అన్నప్పుడు మాస్టారి గొంతులో, ఎనిమిది నెలల్లో మొదటిసారి, కోపంలాంటి ప్రేమ ఒకటి కదిలింది. “వెళ్లి కళ్లారా చూసి వస్తాను. ఈలోగా నువ్వు ఆ లెక్క చెయ్యి. కాగిన నీళ్ల చెంబు ఎంతసేపటికి చల్లారుతుందీ అన్నది. మూడోసారి తప్పు చేశావు, నాలుగోసారి చెయ్యకు.”

చెప్పులేసుకుని గుమ్మం దిగారు. వెనక శ్యామసుందర్ “మాస్టారూ” అని పిలిచాడు. ఆయన తిరిగి చూస్తే, “ఏటీ లేదండి, ఎండగా ఉంది, గొడుగు” అన్నాడు.

*

గేట్ బజారులో బట్టల కొట్లు దాటి, బియ్యం వరస మొదలయ్యే చోట మూడోది ఆదిలక్ష్మమ్మ కొట్టు. డెబ్భై రెండేళ్లు. భర్త పోయిన దగ్గర్నించీ తనే కూర్చుంటుంది. తెలుగువాళ్లతో తెలుగు, ఒరియావాళ్లతో ఒరియా, అప్పుడప్పుడు వచ్చే సాల్టు ఇనస్పెక్టరుతో రెండూ కానిదీ మాట్లాడుతుంది.

మాస్టారు వెళ్లేసరికి ఒక ఒరియా ఇల్లాలు సంచి పట్టుకుని నిలబడి ఉంది.

“ఏటిరా లింగా, దారి తప్పీసేవేటి? తిన్నావా?”

“తిన్నాను.”

“అబద్దం. ఆ గోనెల మీద కూకో, దీన్ని పంపించేసి మాటాడతాను.”

మాస్టారు కూర్చున్నారు. తల్లి చేతినే చూస్తున్నారు. పుట్టినప్పటినుంచీ చూసిన చెయ్యే, కాని ఇంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. ఒక పళ్లెంలో ఇనప రాళ్లు పెట్టింది. రెండో పళ్లెంలో చాటతో బియ్యం పోసింది. తక్కెడ కాడ సమానంగా నిలిచింది. నిలిచినా ఆవిడ ఆగలేదు. బియ్యం పళ్లెం కిందికి దిగి, రాళ్లు పైకి లేచేదాకా పోసింది.

“ఫావు, మావుసీ!” అంది ఇల్లాలు. ఒరియాలో ఫావు అంటే కొసరు, మావుసీ అంటే పిన్ని.

“ఏసేను కదే! కళ్లు లేవేటి?” అని తెలుగులోనే కసిరి, మళ్లీ గుప్పెడు బియ్యం ఆవిడ సంచిలో పడేసింది.

ఇల్లాలు నవ్వుతూ వెళ్లింది. మాస్టారు తక్కెడ దగ్గరికి జరిగారు. తర్వాత అడిగారు.

“అమ్మా. బాబు తూచినప్పుడు కూడా ఇలాగేనా?”

ఆదిలక్ష్మమ్మ చాట కింద పెట్టింది. “ఎనిమిది నెల్లకి నీ నోట ఆడి పేరొచ్చింది” అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మొహం తుడుచుకోలేదు. “ఇలాగేటి? నాను పళ్లెం ఇంత దించితే ఆడు ఇంత దించీవోడు. ‘నానమ్మా, ఇంకా దిగలేదే’ అనీవోడు. ఆడు కూకున్నాడంటే జనం నన్నొదిలేసి ఆడికాడే నిలబడీవోరు. కొట్టు ముంచెత్తీస్తావురా ఎదవా అంటే నవ్వీవోడు.”

“ఎప్పుడూ సరుకు పళ్లెమే దిగేదా?”

“మరి రాళ్ల పళ్లెం దిగితే అది కొసరేటిరా?”

మాస్టారు ఖాళీ తక్కెడ పళ్లెం ఒకటి వేలితో కిందికి నొక్కి చూశారు.

సరుకు పళ్లెం దిగిందంటే సరుకు బరువు ఎక్కువ, రాళ్ల బరువు తక్కువ. రాసుకునేది రాళ్ల లెక్కే. కాబట్టి కొసరు వేసే చెయ్యి రాసిన బరువు ఎప్పుడూ నిజం కంటే తక్కువే ఉండాలి. బాబు చెయ్యి అయితే అరవైకి యాభై ఏడు మైనస్సులు రావాలి. అక్కడున్నవి ప్లస్సులు. మూడు రోజులుగా ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చున్న తను, చిన్నప్పటినుంచీ ఈ గోనెల మధ్య తిరిగిన తను, మొగ్గు ఉందని చూశాడు కాని ఎటు మొగ్గాలో ఆలోచించలేదు. కొడుకు చెయ్యి అని చెప్పగానే ఆ చేతిని నమ్మేశాడు.

“రాళ్ల పళ్లెం దిగేలా ఎవరు తూస్తారమ్మా?”

“ఎవులు తూస్తారు? బంగారం కొట్టోల్లు. బంగారానికి కొసరేటిరా! నలుసంత సరుకు అవతలికెల్లిపోతే ఆల్లకి అన్నం దిగుతాదేటి? ఆల్ల తప్పు కాదు. ఆ సరుకలాంటిది. రాయి ఓ యెంట్రుకవాసి దిగితే గాని చెయ్యి తియ్యరు.” కొడుకు మొహంలోకి చూసింది. “ముప్పై ఏళ్లు లెక్కలు సెప్పీసి, తక్కెడ సంగతి ముసిల్దాన్నడుగుతున్నావు. ఏటయింది నాయినా?”

“ఏటీ లేదు. ఏలకులు తూచే నీ చిన్న త్రాసు ఓసారి ఇయ్యి. కాస్త పటికబెల్లం కూడా.”

“పటికబెల్లం ఎందుకు?”

“తూయించడానికి.”

ఆదిలక్ష్మమ్మ ఇంకేమీ అడగలేదు. పటికబెల్లం పొట్లం కట్టింది. తూచకుండానే కట్టింది. పక్కనే ఇంకో పొట్లంలో అటుకులు కట్టి, “ఇది తినడానికి” అంది.

*

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. శ్యామసుందర్ బల్ల దగ్గరే ఉన్నాడు. చెంబు చల్లారే లెక్క పూర్తయింది. మాస్టారు దాన్ని నిలబడే చూశారు. తప్పు లేదు.

“కరెక్టు” అన్నారు. పొట్లం విప్పి, త్రాసు బల్ల మీద పెట్టారు. “తులం పటికబెల్లం తూచు.”

“ఏటండి?”

“తులం. చేతికి అలవాటైనట్టు తూచు. ముల్లు కొసలూ సగటూ వద్దు. మీ నాన్నగారి కొట్లో కూర్చున్నట్టు కూర్చో.”

శ్యామసుందర్ నవ్వబోయి, మాస్టారి మొహం చూసి మానేశాడు. కుడి పళ్లెంలో రాయి పెట్టాడు. ఎడమ పళ్లెంలో పటికబెల్లం ముక్కలు ఒక్కొక్కటీ జారవిడిచాడు. వేళ్లు చక్కగా, పొందికగా పనిచేస్తున్నాయి. అది పుట్టుకతో వచ్చిన పని. ముల్లు నడిమికొచ్చింది. అతని వేలు చివర ఒక చిన్న పలుకును వెనక్కి తీసింది. రాళ్ల పళ్లెం వెంట్రుకవాసి దిగింది. అప్పుడు చెయ్యి తీశాడు.



“బంగారానికి కొసరుండదట” అన్నారు మాస్టారు.

శ్యామసుందర్ వెనక్కి తీసిన పలుకును మళ్లీ పళ్లెంలో వేశాడు.

“బాబు చెయ్యి సరుకు వైపు దిగుతుంది. ఇప్పుడే కనుక్కుని వచ్చాను. ఆ అరవైలో వాడి చెయ్యి లేదు. నీదే. ఎందుకు అబద్ధం రాశావు శ్యామూ?”

“నానడగలేదండి, ఆడే అడిగేడు.” ఆ మాట బయటికొచ్చాక మిగతావి ఆగలేదు. “ఆ పది రోజులూ ఆడు లేబరేటరీకి రానే లేదండి. ‘నా పేరున నువ్వే తీసీ, మా నాన్నకి మాత్రం సెప్పకు, వచ్చాక అన్నీ నానే సెప్తాను’ అన్నాడు. సరే అన్నాను. ఆడు సెప్పకుండానే పోయేడు. మీరొచ్చి ఆ పుస్తకం పట్టుకుని, ఇవన్నీ మా వాడివేనా అనడిగేరు. ఆ మొకం సూసి కాదని ఎలా సెప్పనండి? ఆ రోజే సెప్పుండాల్సింది. తర్వాత రోజు రోజుకీ బరువెక్కిపోయింది.”

మాస్టారు ఎర్ర పెన్సిలు తీసుకున్నారు. పట్టిక తన వైపు తిప్పుకున్నారు. ‘బాబూరావు’ అన్న పేరు మీద ఒక్క గీత గీశారు. వంకర పోకుండా, స్కూల్లో తప్పులు దిద్దినట్టే గీశారు. గీసి, పెన్సిలు కింద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

“మాస్టారూ…”

“రేపు లేబరేటరీకి వెళ్లు. అదే గుండు, అదే నీరు. నీ కొట్టు చెయ్యితో ఓ ముప్పైసార్లు తూచు. ముల్లు కొసలు చదివి ఓ ముప్పైసార్లు తూచు. తేడా ఎంతో తేల్చు. మూడు మిల్లీగ్రాములే వస్తుంది. ఆ అరవైలోంచి అది తీసేసి, ఎందుకు తీశావో కారణం రాయి. సిగ్గుపడకుండా రాయి. వందా నిలుస్తాయి.” కాస్త ఆగి అన్నారు. “అన్నీ నీవే.”

శ్యామసుందర్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. మాస్టారు అతన్ని ఓదార్చలేదు. ఆయన మనసు ఆషాఢంలో ఉంది. రోజూ పొద్దున్నే అటుకుల డబ్బా పట్టుకుని, “లేబరేటరీకి నాన్నా” అని గుమ్మం దిగిన కొడుకు వీపు కనిపిస్తోంది.

“అయితే ఎక్కడికి వెళ్లేవాడు?”

“రైలెక్కి ఛత్రపురంలో దిగీవోడండి. అక్కణ్ణుంచి చమఖండి నడిచీవోడు.”

“చమఖండా? ఆ జాలర్ల ఊళ్లో వాడికేం పని?”

“తెలీదండి. సముద్రం నీళ్లు తెస్తన్నావేటని అడిగితే నవ్వీసేడు.” శ్యామసుందర్ గొంతు బాగా తగ్గింది. “అక్కడ కలరా మొదలై అప్పటికి వారమైందని తర్వాత తెలిసింది నాకు.”

మాస్టారు లేచారు. నెమ్మదిగా పెరట్లోకి వెళ్లారు. నూతి మీద పలకలు ఎనిమిది నెలల వానకీ ఎండకీ ఉబ్బి బిగుసుకుపోయి ఉన్నాయి. ఒకటి ఊడదీశారు. రెండోది శ్యామసుందర్ వచ్చి పట్టాడు. చేంతాడు వెతికి, చేద దించి, నీళ్లు తోడారు. దోసిట్లోకి పోసుకుని తాగారు. మళ్లీ పోసుకుని తాగారు. నీళ్లు గడ్డం మీదుగా చొక్కా మీదికి కారాయి, తుడుచుకోలేదు.

“ఈ నీళ్లు కాదని పొలసరకి ఉత్తరం రాయాలి” అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

“ఇంకోటుందండి” అన్నాడు శ్యామసుందర్. చేంతాడు ఇంకా అతని చేతిలోనే ఉంది. “చివరి రోజు వెళ్తూ ఒక పేరు సెప్పేడు. ‘ఎప్పుడైనా నాను రాలేకపోతే చమఖండిలో దానమ్మకి కబురెట్టు, ఆవిడ ఎదురుసూస్తాది’ అన్నాడు.”

“పెట్టావా?”

చేంతాడు శ్యామసుందర్ వేళ్ల చుట్టూ బిగుసుకుంది.

“లేదండి” అన్నాడు. “ఇప్పటిదాకా పెట్టలేదు.”

మాస్టారు మిగిలిన నీళ్లు చేదలోంచి మొక్కల పాదులో పోశారు. చేద బోర్లించారు.

“రేపు పొద్దున్న ఛత్రపురం బండి ఎన్నింటికి?” అన్నారు.